గెక్కోకి పురుగులు ఎక్కడ కొనాలి: తాళ్లరేవు దగ్గర తెచ్చిన దుబియా బొద్దింకలు, ఏడాది వాడాక నా మాట

అమలాపురం, ముమ్మిడివరం, రామచంద్రపురం వైపు ఎవరింట్లోనైనా లెపర్డ్ గెక్కో (పెంచుకునే బల్లి జాతి జంతువు) ఉండి, దానికి బతికున్న పురుగులు దొరక్క టెన్షన్ పడుతుంటే ఈ రివ్యూ వాళ్ల కోసమే. ఏడాదిలో నేను ముఖ్యంగా మూడు చోట్ల కొన్నాను. ఒకటి ఆన్‌లైన్‌లో, ఒకటి దగ్గర్లో ఉన్న పెట్ షాపులో, మూడోది యానాం వంతెన దాటి కాకినాడ వెళ్లే దారిలో తాళ్లరేవు దగ్గర ఇంటి వెనక షెడ్డులో పురుగులు పెంచే ఒక కుర్రాడి దగ్గర. మొదటి రెండు చోట్లకీ మళ్లీ వెళ్లను. మూడో చోటికి 5కి 4.5 ఇస్తున్నా. ఆ సగం ఎందుకు తగ్గించానో కూడా చెప్తాను.

అతని పేరు రాయడం లేదు. ఇంట్లోనే చిన్నగా చేసుకుంటున్నాడు, చెప్పకుండా జనం వచ్చేస్తే వాళ్లమ్మగారికి ఇబ్బందిగా ఉంటోందని రాయొద్దన్నాడు. కాకినాడలో చేపల అక్వేరియాలు అమ్మేవాళ్లని అడిగితే నంబర్ ఇస్తారు, నాకు అలాగే దొరికింది.

ముందు ఆన్‌లైన్ సంగతి. మా చిన్ని (గెక్కో పేరు) వచ్చినప్పుడు 12 గ్రాములు ఉండేది, చూపుడువేలంత. దాని కోసం 200 మీల్‌వార్మ్‌లు (పొట్టులో పెరిగే పెంకు పురుగుల పిల్లలు), వాటికంటే పెద్దవైన సూపర్‌వార్మ్‌లు 25 ఆర్డర్ పెట్టాను. అది మే నెలాఖరు, రోహిణి కార్తె. మనూళ్లో మనుషులే మధ్యాహ్నం వీధిలోకి రాని రోజులు. పార్సిల్ 4 రోజులకి వచ్చింది, అట్టపెట్టె మీద ఒక్క గాలి కన్నం లేదు, లోపల కవర్‌లో గోధుమ పొట్టంతా చెమటపట్టి ముద్దయిపోయింది. తెరవగానే కుళ్లిన రొయ్యల వాసన. మీల్‌వార్మ్‌లు నల్లగా మెత్తబడిపోయాయి, సూపర్‌వార్మ్‌లలో కదులుతున్నవి మూడే మూడు. బతికున్నవే చేరుస్తామని గ్యారంటీ ఇచ్చారు కదా అని అరగంటలో వీడియో తీసి పంపాను. ఇప్పటిదాకా జవాబు లేదు. డబ్బు పోయినందుకు కాదు నా బాధ. ఆ పురుగులకీ ప్రాణం ఉంది కదా, వాటిని ఆ ఎండలో అలా ఉడకబెట్టి పంపడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఇక ఆ షాపు. వాళ్ల దగ్గర బతికినవి లేవు, ఎండబెట్టిన మీల్‌వార్మ్‌ల డబ్బా ఇచ్చి "ఇదీ అదీ ఒకటేనండి, తింటుంది" అన్నారు. ఒకటి కాదు. లెపర్డ్ గెక్కో కదిలేదాన్ని చూసి వేటాడే జంతువు. ఎండిన పురుగుని పళ్లెంలో పెడితే దాని మీద నుంచే నడిచి వెళ్లిపోయింది. పైగా ఎండిన దాంట్లో నీరు ఉండదు, గెక్కోలకి చాలావరకు నీళ్లు అందేది తిండి నుంచే. అదే షాపులో కాల్షియం పొడి అడిగితే "చిన్న బల్లికి అవన్నీ ఎందుకండి" అన్నారు. నేను నమ్మాను. మరో చోట తెచ్చిన మీల్‌వార్మ్‌లు రెండు నెలలు పొడి లేకుండానే పెట్టాను. ఒకరోజు రాత్రి చిన్ని నీళ్ల గిన్నె దగ్గరికి నడుస్తుంటే వెనక కాళ్లు సన్నగా వణకడం చూశాను, పొట్ట నేలకి రాసుకుంటోంది, పైకి లేవలేకపోతోంది. తెల్లారేదాకా దాని పెట్టె పక్కనే కూర్చున్నాను. పొద్దున్నే పశువుల డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్తే, కాల్షియం తగ్గి ఎముకలు మెత్తబడటం మొదలైందని చెప్పి చుక్కల మందు ఇచ్చారు. దవడ ఇంకా గట్టిగానే ఉంది కాబట్టి కోలుకుంటుందన్నారు, కోలుకుంది. ఇప్పుడు 54 గ్రాములు, తోక నా బొటనవేలంత లావు. వాళ్లకి కొవ్వు దాచుకునే చోటు తోకే, అది నిండుగా ఉంటే మనకి నిశ్చింత.

అసలు లెక్క ఏంటంటే, మీల్‌వార్మ్ అయినా కీచురాయి అయినా దుబియా అయినా వాటి ఒంట్లో కాల్షియం కంటే ఫాస్ఫరస్ చాలా ఎక్కువ. గెక్కోకి కావాల్సింది తలకిందులు, కాల్షియమే ఎక్కువ ఉండాలి. అందుకే పురుగుకి పొడి పట్టించి పెడతాం. ఒక్క బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్ల పురుగులో మాత్రం సహజంగానే కాల్షియం ఎక్కువ. అవి బాగా చిన్నవి, పెద్ద గెక్కోకి పళ్లెం నిండా పెట్టినా ఆకలి తీరదు. నేను వారానికోసారి చిరుతిండిలా పెడతాను.

తాళ్లరేవు సంగతికి వస్తాను.

మొదటిసారి ఫోన్ చేసినప్పుడు నేను "100 మీల్‌వార్మ్‌లు కావాలి" అన్నాను. అతను రేటు చెప్పకుండా "మీ గెక్కో ఎన్ని గ్రాములండి? రెండు కళ్ల మధ్య దూరం ఎంతుంటుంది?" అని అడిగాడు. పురుగు ఆ దూరం కంటే వెడల్పు ఉండకూడదు అన్నది అందరూ పాటించే కొలత. దానికి తగ్గ సైజే ఇస్తానన్నాడు. కొరియర్‌లో పంపమంటే "ఎండలు తగ్గేదాకా పంపనండి, చచ్చిపోతాయి. వీలైతే పొద్దున్నే వచ్చి పట్టుకెళ్లండి" అన్నాడు. డబ్బులొచ్చే ఆర్డర్ వద్దనుకున్నాడంటే అప్పుడే నాకు సగం నమ్మకం కుదిరింది.

ఆదివారం అమ్మతో కలిసి వెళ్లాను. షెడ్డుకి తాటాకు కప్పు, చుట్టూ కొబ్బరి చెట్లు, లోపల ఇనప ర్యాకుల మీద ప్లాస్టిక్ డబ్బాలు. ర్యాకు కాళ్లు ఒక్కొక్కటీ నీళ్లు పోసిన గిన్నెలో ఉన్నాయి, చీమలు ఎక్కకుండా. మా మామ్మ వెన్నకుండ పెట్టిన బల్ల కాళ్లకి ఇలాగే చేసేది. వాసన ఉంటుందేమో అనుకున్నాను, లేదు. తవుడూ క్యారెట్టూ కలిసిన వాసన తప్ప ఏమీ లేదు. పురుగులు కొనేటప్పుడు చూడాల్సింది ఇదే, రేటు తర్వాత. డబ్బా మూత తీయగానే కళ్లు మండేంత ఘాటు వాసన వస్తే అడుగున తడీ పెంటా పేరుకున్నాయని అర్థం, అలాంటి చోట ఊరికే ఇచ్చినా తేవద్దు.

బొద్దింకలని చూడగానే అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. అసలే మా ఇంట్లో బల్లి మీద పడితే తలస్నానం చేస్తారు, అలాంటిది బల్లి జాతి జంతువుని పెంచడానికే అమ్మ మూడు నెలలు ఒప్పుకోలేదు. అతను ఒక గాజు సీసాలో నాలుగు దుబియాలు వేసి అమ్మ ముందు పెట్టి "చూడండమ్మగారూ, ఇవి నున్నటి గోడ ఎక్కలేవండి. మగవాటికి రెక్కలున్నా ఎగిరి తిరగవండి. మనింట్లో తిరిగే బొద్దింక జాతి కాదండి ఇది, దక్షిణ అమెరికాదండి" అన్నాడు. అమ్మ ఐదు నిమిషాలు అలాగే చూసింది. అవి పైకి ఎక్కబోయి జారి పడుతూనే ఉన్నాయి. "సరే, మూత గట్టిగా ఉండాలి" అంది. ఎంత ఓపిగ్గా చెప్పాడో!

మీల్‌వార్మ్‌ల కోసం వెళ్లిన నాకు దుబియాలు ఇవ్వడానికి అతను చెప్పిన కారణం ఈ రివ్యూలో అన్నిటికంటే ముఖ్యం. మీల్‌వార్మ్‌కి 25 నుంచి 28 డిగ్రీలు హాయి, 30 దాటి పైపైకి పోతుంటే గుడ్లు సరిగ్గా పొదగవు, పురుగులు నీరసిస్తాయి. మన దగ్గర మార్చి నుంచి అక్టోబర్ దాకా ఇంట్లోనే 30 పైన ఉంటుంది. దుబియాకి పిల్లలు పెట్టాలంటే దాదాపు 30 డిగ్రీల వేడి కావాలి, చలిదేశాల్లో దాని కోసం కరెంటు హీటర్లు పెడతారు. మన గోదావరి జిల్లాల్లో ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ వేడి ఊరికే వస్తుంది. విదేశీ వీడియోలు చూసి అందరం మీల్‌వార్మ్‌లతో మొదలుపెట్టి, ఎండాకాలంలో చచ్చిపోతే మన చేతకానితనం అనుకుంటాం. మనూరి వేడికి తగ్గ పురుగు అది కాదు, అంతే.

పెంచుకోవడానికి 15 ఆడవి, 4 మగవి తీసుకున్నాను, 900 రూపాయలు. ఈలోగా తిండికి చిన్నవి 50, 350 రూపాయలు. ఆన్‌లైన్‌తో పోలిస్తే కొంచెం ఎక్కువే అనిపిస్తుంది, కానీ ఇంటికి తెచ్చాక ఒక్కటి కూడా చావలేదు. తన డబ్బాలోని పాత పొట్టు రెండు గుప్పెళ్లు కూడా కవర్‌లో వేసి ఇచ్చాడు, కొత్త చోట త్వరగా అలవాటు పడతాయని.

పెంచడం చాలా తేలిక. మూతకి పెద్ద కన్నం కోసి స్టీల్ జాలీ అతికించిన 40 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, అందులో నిలువుగా పేర్చిన కోడిగుడ్ల అట్టలు. పడుకోబెడితే పెంట అట్టల్లోనే పేరుకుంటుంది, నిలబెడితే కిందికి రాలిపోతుంది. తిండికి గోధుమ పొట్టు, ఓట్స్ పొడి, రోజు మార్చి రోజు క్యారెట్టో చిలగడదుంపో ముక్క. నీళ్ల గిన్నె వద్దు, చిన్నవి మునిగిపోతాయి, ఆ ముక్కల్లో ఉన్న తడి చాలు. గెక్కోకి పెట్టడానికి ఒకరోజు ముందు కొన్నిటిని వేరే డబ్బాలోకి తీసి మునగాకు, గుమ్మడి ముక్క పెడతాను. పురుగు పొట్టలో ఉన్నదంతా గెక్కోకే చేరుతుంది కాబట్టి దీన్ని గట్ లోడింగ్ అంటారు. మునగాకులో కాల్షియం బాగా ఉంటుంది, మన పెరట్లో చెట్టు ఉండనే ఉంటుంది. పాలకూర మాత్రం వద్దు, అందులో ఉండే ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. చెరువులున్న స్నేహితుడు ఒకడు రొయ్యల మేత ఇస్తా పట్టుకెళ్లమన్నాడు. తాళ్లరేవు కుర్రాడిని అడిగితే వద్దన్నాడు, ఎందుకంటే అందులో ప్రోటీన్ 30 శాతం పైనే ఉంటుంది, అదే పనిగా పెడితే దుబియాల ఒంట్లో యూరిక్ యాసిడ్ పేరుకుంటుంది, వాటిని తిన్న గెక్కోకీ మంచిది కాదు.

దుబియా గుడ్లు బయట పెట్టదు. పిల్లలే వస్తాయి, ఒక్కో ఈతకి ఇరవై ముప్పై దాకా. సెప్టెంబర్‌లో తెచ్చాను, అక్టోబర్ చివర ఒక రాత్రి టార్చి వేసి చూస్తే అట్ట మడతలో తల్లి చుట్టూ కందిపప్పు బద్దలంత తెల్లటి చిన్న చిన్న పిల్లలు, ఇంకా ఒళ్లు గట్టిపడలేదు. ఫిబ్రవరికల్లా బయట కొనాల్సిన పని లేకుండా పోయింది. మొదటి నాలుగైదు నెలలు మాత్రం ఓపిక పట్టాలి. పెద్దవి ఊరిస్తాయి కానీ వాటిని తీసి గెక్కోకి పెట్టేస్తే సంతతి ఆగిపోతుంది.

ఇంకో సంగతి చెప్పాలి. దుబియా పెరిగేటప్పుడు కుబుసం విడుస్తుంది, అప్పుడు కాసేపు లేత కొబ్బరి రంగులో మెత్తగా ఉండి, కొన్ని గంటల్లో మళ్లీ గోధుమరంగుకి వచ్చేస్తుంది. ఆ తెల్లటిది ఒకటి పట్టుకారుతో చూపించానంటే చిన్ని ఆగలేదు. తల కిందికి దించి, తోక చివర మాత్రం సన్నగా అటూ ఇటూ ఊపుతూ, ఒక్కో అడుగూ వేస్తూ వచ్చి ఒక్క ఉదుటున పట్టేస్తుంది. తర్వాత నాలుకతో మూతి తుడుచుకుంటుంది. కాళ్లు వణికిన ఆ రాత్రి తర్వాత అది మొదటిసారి అలా దూకినప్పుడు నాకు కన్నీళ్లొచ్చాయి.

కాల్షియం పొడి విషయంలో నేను జూ మెడ్ వాళ్ల రెప్టి కాల్షియం వాడుతున్నాను, డి3 (కాల్షియం ఒంటికి పట్టడానికి సాయపడే విటమిన్) ఉన్నదీ లేనిదీ రెండూ దొరుకుతాయి. లేనిది మామూలు రోజుల్లో, ఉన్నది వారానికోసారి. అది దొరకని వారం ఆయుర్వేద కొట్లో సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ అనే సముద్ర జీవి ఎముక) కొని నూరి, పల్చటి గుడ్డలో జల్లించి పట్టించాను. అదీ కాల్షియం కార్బొనేటే, డి3 మాత్రం ఉండదు. గేదెలకి పెట్టే మినరల్ మిక్స్చర్ ఇంట్లో ఉంది కదా అని వాడకండి. అందులో ఫాస్ఫరస్ కూడా కలుపుతారు, మనం ఏది తగ్గించాలనుకుంటున్నామో అదే పెరుగుతుంది. కవర్‌లో చిటికెడు పొడి వేసి, పురుగుల్ని వేసి ఒక్కసారి కుదిపితే చాలు.

మీల్‌వార్మ్‌లని పూర్తిగా వదిలేయమని కాదు. కార్తీకం వెళ్లాక మొదలుపెట్టి శివరాత్రి దాకా అవి మన దగ్గరా బాగా పెరుగుతాయి. మూడు అంగుళాల గోధుమ పొట్టు, పైన ఆలుగడ్డ చెక్క. పెంకు పురుగులుగా మారినవాటిని రెండు వారాలకోసారి జల్లెడ పట్టి కొత్త పొట్టులోకి మారిస్తే గుడ్లూ పిల్లలూ పాత డబ్బాలో క్షేమంగా ఉంటాయి. ఎక్కువైతే ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెడితే ఎదుగుదల నెమ్మదిస్తుంది. సూపర్‌వార్మ్‌లని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి, చచ్చిపోతాయి. వర్షాకాలంలో పొట్టు విషయంలో జాగ్రత్త. నాకు ఆగస్టులో డబ్బా అంచుల మీద గోధుమపిండి చల్లినట్టు తెల్లగా కనిపించింది, వేలితో రాసి వెలుతురులో చూస్తే అది కదులుతోంది. పిండి నల్లులు. మన గాలిలో తడికి అవి క్షణాల్లో పెరుగుతాయి. డబ్బా మొత్తం పారేయాల్సి వచ్చింది. అప్పటి నుంచి పొట్టు తేగానే రెండు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, తర్వాత ఆరబెట్టి వాడుతున్నాను, మళ్లీ రాలేదు.

కీచురాళ్లు తాళ్లరేవు కుర్రాడి దగ్గర లేవు. నేనూ సిఫారసు చేయను. తడి గాలికి టపటపా రాలిపోతాయి, రాత్రంతా అరుస్తాయి, గెక్కో తినకుండా వదిలేసినవి పెట్టెలో ఉంటే పడుకున్న గెక్కో వేళ్లు కొరుకుతాయి. రెడ్ రన్నర్ అని ఇంకో బొద్దింక ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుంది, అది మన దగ్గర అసలు వద్దు. విపరీతమైన పరుగు, గుడ్ల సంచీలు ఎక్కడపడితే అక్కడ వదులుతుంది. మన వేడిలో ఇంట్లో తప్పించుకుంటే స్థిరపడిపోతుంది.

పొలం గట్టు మీద మిడతలు ఊరికే దొరుకుతాయి కదా అని అడిగేవాళ్లు చాలామంది. సార్వాలో అయినా దాళ్వాలో అయినా మన వరి చేలల్లో మందు కొట్టని వారం తక్కువ. మందు తగిలిన మిడత ఒకటి చాలు. తొలకరికి దీపం చుట్టూ చేరే ఉసుళ్లూ అంతే, అవి ఎక్కడి పుట్టలోంచి వచ్చాయో మనకి తెలియదు. మిణుగురుల్ని అయితే దగ్గరికి కూడా రానివ్వకండి, వాటి ఒంట్లో ఉండే విషం బల్లి జాతుల ప్రాణం తీసిన సందర్భాలున్నాయి.

అతని గురించి నచ్చినది ఇంకొకటి, గెక్కోలు అమ్మడు. ఎవరైనా కొండల్లో పట్టినవి అమ్ముతామంటే కొనొద్దని కూడా చెప్తాడు. మన ఆంధ్ర, ఒడిశాల నుంచే 2022లో యూబ్లెఫారిస్ పిక్టస్ అని లెపర్డ్ గెక్కోలకి దగ్గరి బంధువుని కొత్త జాతిగా గుర్తించారు. అవి అడవిలో ఉండాల్సినవి.

సగం ఎందుకు తగ్గించానంటే, ఆదివారం తప్ప ఇవ్వడు. అమలాపురం నుంచి వెళ్లి రావడానికి ఒక పూట పోతుంది. రెండుసార్లు మధ్య సైజు దుబియాలు అయిపోయాయని చివరి నిమిషంలో ఫోన్ చేశాడు. ఇచ్చే డబ్బా మూతకి కన్నాలు నాలుగే, దారిలో ఎండ ఉంటే చాలవు. మన డబ్బా మనం తీసుకెళ్లడం నయం. ఇవన్నీ అతనికి చెప్పాను, కన్నాల సంగతి వెంటనే ఒప్పుకున్నాడు.

వెళ్లేవాళ్లు ముందు రోజు ఫోన్ చేసి, గెక్కో బరువు తూచుకుని వెళ్లండి, అతను తప్పకుండా అడుగుతాడు. ఎండాకాలంలో అయితే 8 లోపే అక్కడ ఉండేలా చూసుకోండి. నేను ఈ ఆదివారం మళ్లీ వెళ్తున్నాను. మా డబ్బాలో అన్నీ ఒకే తల్లుల సంతతి అయిపోయాయి, మగవి నాలుగు ఇచ్చి వేరేవి నాలుగు మార్చుకుంటానంటే సరేనన్నాడు, దానికి డబ్బులేమీ వద్దన్నాడు.